నూరుగురు తండ్రుల కంకి

పచ్చి మక్కకంకి ఒకటి చేతిలోకి తీసుకోండి. ఆకుపొరలు ఒలిచి, పీచు దులిపి, నడుము చుట్టూ వరుసలు లెక్కపెట్టండి. 12 వస్తాయి, 14 వస్తాయి, 16 వస్తాయి. 13 రావు, 15 రావు. జనగామ చెల్కలో కాసినదైనా, మహబూబాబాద్ తండా పక్కన పెరిగినదైనా, భూపాలపల్లి అడవి అంచున పోడులో విత్తినదైనా వరుసల లెక్క సరిసంఖ్యే. పూత పుట్టేటప్పుడే జంటగా పుట్టాలన్నది ఆ మొక్క నియమం. బెండు మీద పొడిచే ప్రతి చిన్న మొటిమా రెండుగా చీలి రెండు గింజలకు చోటిస్తుంది. వాన రాని ఏడు కంకి పొట్టిగా రావచ్చు, కొస దాకా గింజ పట్టకపోవచ్చు. జంట మాత్రం విడిపోదు.

ఒలిచేటప్పుడు వేళ్లకు చుట్టుకునే పీచును మనం పక్కకు పారేస్తాం. అందులో ఒక్కో పోగు ఒక్కో గింజ తాలూకు. కంకి మీద 500 గింజలుంటే పోగులు 500కు తగ్గవు. మొక్క తలమీది జల్లు మగపూత. నడుమున ఆకు సందులోంచి తొంగిచూసే పీచు ఆడపూత. రెండింటి మధ్య మూడు నాలుగు అడుగుల గాలి. ఒక్క జల్లు 20 లక్షలకు పైగా పుప్పొడి రేణువులను ఆ గాలిలోకి వదులుతుంది. వాటిలో ఒకటి తడిగా ఉన్న పోగు మీద వాలగానే, ఆ పోగు లోపలి నుంచి కంటికి కనబడనంత సన్నని గొట్టం దిగడం మొదలుపెడుతుంది. జానెడు పొడవైన దారిని ఒక్క రోజులోగా దాటి, అడుగున కాచుకుని ఉన్న అండాన్ని చేరుతుంది. చేరితే గింజ. చేరకపోతే బెండు మీద ఆ చోటు బోసిగా మిగిలిపోతుంది.

పక్కపక్క గింజలకు తండ్రి ఒకడే కానక్కర్లేదు. ఒక పోగు మీద పొరుగు సాలు పుప్పొడి వాలుతుంది, ఇంకో పోగు మీద చేను అవతలి గట్టు నుంచి వచ్చింది వాలుతుంది, మరో దాని మీద పక్క ఊరి గాలి మోసుకొచ్చింది. తల్లి ఒక్కతే, తండ్రులు అనేకులు. దేశవాళీ మక్క చేనులో ఒక్క కంకి మీద నూరుగురు తండ్రుల బిడ్డలు భుజాలు రాసుకుంటూ కూర్చుంటారు. తెల్ల మక్క వేసిన పెరడికి దగ్గర్లో పచ్చ మక్క పూతకొస్తే, ఆ ఏడే తెల్ల కంకి మీద అక్కడొకటి ఇక్కడొకటి పసుపు గింజ మెరుస్తుంది. ఎక్కువ పంటల్లో ఇటువంటి కలయిక ఫలితం చూడాలంటే ఆ గింజను విత్తి మరుసటి కారు దాకా ఆగాలి. మక్కలో ఆగనక్కర్లేదు. గింజలో పిండి నిండే భాగానికి తల్లి రెండు పాళ్లు ఇస్తే తండ్రి ఒక పాలు ఇస్తాడు, ఆ ఒక్క పాలుతోనే తన రంగును అప్పటికప్పుడు చూపించుకుంటాడు. ఎవరి ఇంట్లోంచి ఎవరి ఇంట్లోకి గాలి వీచిందో కంకి ఒలిచి చదువుకోవచ్చు.

2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా విడిపోయినప్పుడు ఏర్పడిన జిల్లాల్లో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి ఉన్నాయి. మూడూ ఒకే పాత జిల్లా ముక్కలైనా నేల తీరు ఒకటి కాదు. జనగామ మెట్ట. ఎర్ర చెల్కలు, బండరాళ్ల గుట్టలు, వాన మీద ఆశ. మహబూబాబాద్‌లో తండాలు, మిర్చి కల్లాలు, పసుపు. బోర్ల కింద యాసంగిలో కనుచూపు మేర మక్క. కేసముద్రం మార్కెట్‌లో కుప్పలు పోసిన మక్కల పసుపు ఛాయ ఎండలో కళ్లు జిగేలుమనిపిస్తుంది. భూపాలపల్లికి ఒక పక్క గోదావరి, మరో పక్క అడవి, నేల కింద బొగ్గు. ఈ మూడు చోట్లా ఇంటి వెనక పెరట్లో నాలుగు సాళ్ల మక్క పెట్టుకోవడం పాత అలవాటు. మృగశిరలో విత్తితే శ్రావణ భాద్రపదాలకు పాలకంకి చేతికొస్తుంది. వరి ఇంకా పొట్టకు రాలేదు, జొన్న ఇంకా ఈనలేదు, గుమ్మిలో గింజలు అడుగంటాయి. ఇంటిల్లిపాదికీ ఆ కొరత రోజుల్లో కడుపు నింపింది పెరటి మక్కే. కాల్చిన కంకి, ఉడకబెట్టిన గుడాలు, రోట్లో కచ్చాపచ్చాగా దంచి వేసిన గారెలు, ముదిరాక విసిరి వండిన గట్క, చల్ల పోసుకుని తాగే అంబలి, వేయించిన ప్యాలాలు. సద్దుల బతుకమ్మ నాడు పూలను సాగనంపి వచ్చిన ఆడవాళ్లు చెరువు గట్టున ఒకరి దోసిట్లో ఒకరు పెట్టుకునే సత్తుపిండిలో ఆ పునాస మక్క ఉంటుంది. కొత్త పంట తొలి ముద్దను పండుగలోకి తెచ్చుకున్న తీరు అది.

ఇంతగా మనదైపోయిన పంటను కాకతీయులు ఎరగరు. పాలంపేటలో 1213లో రామప్ప గుడి కట్టిన శిల్పులు, భూపాలపల్లి జిల్లా గణపురంలో కోటగుళ్లను చెక్కినవాళ్లు జొన్న సంకటి తిన్నారేమో, కొర్ర బువ్వ తిన్నారేమో, మక్క గట్క మాత్రం తినలేదు. అప్పటికి ఈ మొక్క సముద్రానికి అవతలి ఖండం దాటి రాలేదు. దీని మీద ఒక పెద్ద వాదమే నడిచింది. కర్ణాటకలోని సోమనాథపురంలో 13వ శతాబ్ది హొయసల ఆలయం గోడల మీద దేవతల చేతుల్లో గింజలు పేర్చినట్టున్న ఒక వస్తువు కనబడుతుంది. అది మక్కకంకేనని, కొలంబస్‌కు ముందే మక్క ఇండియాకు చేరిందని కార్ల్ జోహానెసెన్, ఆన్ పార్కర్ 1989లో రాశారు. మన దేశపు మక్క శాస్త్రవేత్తలు పాయక్, సచన్ 1993లో దానికి బదులిచ్చారు. అది మక్క కాదు, ముత్యాలు పొదిగిన కల్పిత ఫలమని వాళ్ల వాదన. అంతకు ముందు 1949లో స్టోనర్, ఆండర్సన్ అనే ఇద్దరు అస్సాం కొండజాతుల దగ్గర విచిత్రమైన పాత మక్క రకాలు చూసి ఇదే అనుమానం లేవనెత్తారు. నా మట్టుకు పాయక్, సచన్‌ల పక్షమే సబబు. శిల్పి చెక్కిన ఆభరణం కంటే మొక్క కణంలో రాసి ఉన్న వంశావళి గట్టి సాక్ష్యం. ఆ వంశావళి మనల్ని తిన్నగా మెక్సికోకు తీసుకుపోతుంది.

మెక్సికో నైరుతిలో బల్సాస్ నది లోయ ఉంది. అక్కడి కొండవాలుల్లో టియోసింటే అనే గడ్డి ఇప్పటికీ దానంతటది మొలుస్తుంది. దాన్ని చూసినవాళ్లెవరూ ఇది మక్కకు తాత అని ఒప్పుకోరు. గుబురుగా పిలకలు వేస్తుంది. కంకి చిటికెన వేలంత. దాని మీద గింజలు 5 నుంచి 12, అవీ రెండే వరుసల్లో. ఒక్కో గింజ చుట్టూ రాయిలాంటి గట్టి పెంకు, పండగానే కంకి విరిగి గింజలు నేల పాలు. నమలబోతే పన్ను విరుగుతుంది. ఇంత మొండి గడ్డిని తెచ్చి పెరట్లో వేసుకోవాలని ఏ తల్లికి తోచిందో, ఏ పిల్లవాడు నిప్పుల్లో గింజలు పడేసి పేలడం చూశాడో! పేలుతుందన్న మాట నిజం. అమెరికాలోని నెబ్రాస్కా రైతు ఇంట పుట్టిన జార్జ్ బీడిల్ 1939లో టియోసింటే గింజలను వేడిచేసి చూస్తే అవి మన మక్క ప్యాలాల్లాగే తెల్లగా విచ్చుకున్నాయి. తినడానికి పనికిరాని గింజను మనిషి ఎందుకు పెంచాడన్న ప్రశ్నకు ఒక పెనంతో జవాబు దొరికింది.

బీడిల్ తరువాత వేరే పరిశోధనకు 1958లో నోబెల్ బహుమతి అందుకున్నాడు, యూనివర్సిటీ అధ్యక్షుడయ్యాడు, పదవీ విరమణ చేశాక మళ్లీ మక్క చేనులోకే వచ్చాడు. మక్కను టియోసింటేతో సంకరం చేసి, మనవల తరంలో 50,000 మొక్కలు పెంచాడు. వాటిలో సుమారు 500కు ఒకటి అచ్చం మక్కలా, మరొకటి అచ్చం టియోసింటేలా వచ్చాయి. ఆ లెక్కను బట్టి రెండింటి మధ్య ఉన్న పెద్ద తేడాలన్నీ నాలుగైదు జన్యువుల చేతుల్లోనే ఉన్నాయని తేల్చాడు. జాన్ డీబ్లీ బృందం ఆ జన్యువులను ఒక్కొక్కటిగా పట్టుకుంది. ఒకటి పిలకలను అణచి మొక్కను ఒంటికాండంగా నిలబెడుతుంది. మరొకటి గింజ చుట్టూ ఉన్న రాతి పెంకును విప్పేస్తుంది. గెర్రెరో రాష్ట్రంలోని ఒక గుహలో డొలోరెస్ పిపెర్నో, ఆంథొనీ రానెర్ బృందానికి రాతి పనిముట్లకు అంటుకున్న మక్క పిండి రేణువులు దొరికాయి. వాటి వయసు సుమారు 8,700 ఏండ్లు. మనవాళ్లు విసురుడురాయి ముందు కూర్చుని పాట అందుకోవడానికి ఎన్నో వేల ఏండ్ల ముందే అక్కడ ఎవరో ఒక స్త్రీ రాతి మీద మక్క నూరింది.

కథ అక్కడితో అయిపోలేదు. 2023లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన ఇంకో తాతను బయటపెట్టింది. మచ్చికైన సుమారు 4,000 ఏండ్లకు మక్క మెక్సికో ఎత్తైన కొండలెక్కి అక్కడి చలినేల టియోసింటేతో కలిసింది. నేడు లోకంలో ఉన్న మక్కలన్నింటిలో ఆ కొండగడ్డి పాలు దాదాపు ఐదో వంతు. అంటే మహబూబాబాద్ తండాలో నిప్పుల మీద చిటపటలాడే కంకిలోనూ రెండు అడవిగడ్డుల నెత్తురుంది. ఒకటి వేడి లోయది, మరొకటి చలి కొండది.

వింతల్లో వింత ఇంకా లోపల ఉంది. ఇద్దరు మనుషుల జన్యుపదార్థాన్ని అక్షరం అక్షరం పోల్చితే వెయ్యికి ఒకటి తేడా వస్తుంది. రెండు మక్క రకాలను పోల్చితే సగటున వందకు ఒకటికి మించి తేడా. మనిషికీ చింపాంజీకీ మధ్య ఉన్నంత దూరం ఒకే పెరట్లో పక్కపక్కన నిలబడ్డ రెండు మక్క మొక్కల మధ్య ఉండవచ్చు. ఆ రెండూ కలిసి చక్కగా కాయడం ఇంకా ఆశ్చర్యం. ఈ విస్తారానికి ఒక కారణాన్ని బార్బరా మెక్లింటాక్ కంకి మీది రంగు మచ్చలు చూసి పట్టుకున్నారు. ఊదా గింజ మీద తెల్లని చుక్కలు, తెల్ల గింజ మీద ఊదా చారలు ఎందుకు పడతాయని 1940లలో ఆమె తరచి చూశారు. జన్యువుల మధ్య కొన్ని ముక్కలు ఉన్నచోట ఉండవు, ఎగిరి ఇంకో చోట కూర్చుంటాయి, కూర్చున్న చోట జన్యువు నోరు మూసేస్తాయి, లేచిపోగానే అది మళ్లీ మాట్లాడుతుంది. చాలాకాలం ఆమె మాట వినేవాళ్లే తక్కువ. 1983లో నోబెల్ వచ్చింది. 2009లో మక్క జన్యుపటం మొత్తం చదివినప్పుడు అందులో నూటికి 85 పాళ్లు ఇలా ఎగిరే ముక్కలే అని తేలింది. మక్కను ఒంటికాండంగా మార్చిన ఆ జన్యువు పక్కన కూడా ఇలాంటి ముక్క ఒకటి ఎగిరొచ్చి కూర్చుని ఉంది. మన గట్కకు మూలం ఒక గెంతు.

ఇన్ని రూపాలు దాచుకున్న మొక్క ఎక్కడికి పోయినా అక్కడి మట్టికి ఒదిగిపోగలదు. 1492 నవంబరులో కొలంబస్ మనుషులు క్యూబాలో మక్క రుచి చూశారు. వందేళ్లు తిరక్కముందే అది యూరప్, ఆఫ్రికా, ఆసియా తీరాలకు చేరింది. ఇండియాకు ఎక్కువగా పోర్చుగీసు ఓడల్లో వచ్చిందని పండితుల మాట. ఓడ దిగిన గింజ ఒక్క రకం కాదు, కరీబియన్ దీవులది వేరు, ఎత్తు కొండలది వేరు. ఒక్కో రేవులో ఒక్కోటి దిగి, సంతల్లో చేతులు మారి, దారుల్లో కలిసి, ఊరూరా కొత్త రూపం దాల్చింది. హిమాలయ ఈశాన్యంలో కొండలు ఊరికీ ఊరికీ అడ్డం నిలిచి ఎన్నో రకాలను విడివిడిగా కాపాడాయి. 1964లో ఎన్.ఎల్. ధావన్ లోకానికి చూపించిన 'సిక్కిం ప్రిమిటివ్' మక్కలో ఒక్క మొక్కకు ఐదారు చిన్న కంకులు, అన్నీ దాదాపు సమానంగా, గింజలు ప్యాలాలకు తగినంత గట్టిగా ఉంటాయి. బి.ఎం. ప్రసన్న, ఆయన సహచరులు ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో మన దేశపు పాత రకాలను డీఎన్ఏ గుర్తులతో పోల్చి చూసినప్పుడు వాటిలో ఎంత వైవిధ్యం దాగి ఉందో లెక్కల్లో బయటపడింది.

మన దక్కన్ మెట్టలో అడ్డంకొండలు లేవు. ఇక్కడ రకాన్ని నిలిపింది ఇల్లాలి చేయి. కోత అయ్యాక కంకులు కుప్ప పోసి, వాటిలో బారుగా, నిండుగా, పొర కొస దాకా మూసుకున్నవి ఏరి, ఆకుపొరల్ని వెనక్కి లాగి జంటలుగా ముడివేసి, పొయ్యి పైన దూలానికి వేలాడదీసేది. పొగకు పురుగు చేరదు. ఏటా అదే ఏరివేత. అలా ఏరిన ప్రతిసారీ ఆమెకు తెలియకుండానే కొన్ని జన్యువులకు దారి ఇస్తోంది, కొన్నింటికి తలుపు మూస్తోంది. ముక్కపురుగు తొలవలేని గట్టి గింజ, వాన నీరు లోపలికి దిగని బిగుతు పొర, చిలకలు అందుకోలేని వంగిన కంకి, రెండు వానల మధ్య మూడు వారాలు ఓర్చుకునే వేరు, బతుకమ్మకు ముందే కోతకొచ్చే తొందర ఇవన్నీ ఆమె ఎంపికలే. టియోసింటేను మక్కగా మార్చిన పని అది. బల్సాస్ లోయలో మొదలై మన పెరట్లో మొన్నమొన్నటిదాకా ఆగకుండా సాగింది. పొరల్లో బిగించుకున్న కంకి తనంతట తాను విత్తనం రాల్చుకోలేదు. నేలన పడితే గింజలన్నీ ఒకేచోట మొలిచి ఒకదాన్నొకటి తినేస్తాయి. మనిషి చేయి లేకపోతే ఈ మొక్కకు రెండో తరం లేదు. మక్క ఒక్కటే మనిషి దగ్గరికి వచ్చిందనుకోవద్దు, మనిషి కూడా దానికి కట్టుబడిపోయాడు.

గింజ ప్రయాణం చేసినంత సులువుగా గింజ గురించిన తెలివి ప్రయాణం చేయలేదు. మెక్సికోలో మక్కను సున్నపు నీళ్లలో ఉడకబెట్టి, పొట్టు కడిగి, అప్పుడు నూరేవారు. అలా చేస్తే గింజలో బిగిసి ఉన్న నయాసిన్ అనే విటమిన్ విడుదలవుతుంది. సున్నం సంగతి తెలియని యూరప్ పేదలు మక్క ఒక్కటే తిని, ఆ విటమిన్ అందక, పెల్లాగ్రా అనే జబ్బుతో చర్మం చీలి, మతి తప్పి చనిపోయారు. ఇక్కడ ఒక తెలంగాణ ఘట్టం ఉంది. 1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చిన నేటి జాతీయ పోషకాహార సంస్థలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య అదే పెల్లాగ్రాను మక్క తినేవాళ్లలో కాక జొన్న తినే దక్కన్ కూలీల్లో చూశారు. గింజలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ కావడమే కారణమని 1960లో ప్రతిపాదించారు. జొన్నా మక్కా దూరపు దాయాదులు, విడిపోయి కోటి ఏండ్లు దాటిన ఒకే గడ్డి కుటుంబపు కొమ్మలు. పప్పు, ఆకుకూర, చల్ల చేర్చుకుని తిన్న ఇంట మక్క ఎవరికీ హాని చేయలేదు. గట్కలోకి చల్ల పోసుకునే అలవాటులో ఎంత తెలివి ఉందో ఆలోచించండి.

ఇక మార్పు. 1957లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో దేశంలో మొట్టమొదటి సమన్వయ పంట పరిశోధన పథకం మక్క మీదే మొదలైంది. 1961లో నాలుగు హైబ్రిడ్లు విడుదలయ్యాయి. గంగ-1, గంగ-101, రంజిత్, నాలుగోది మన హైదరాబాద్ అంబర్‌పేట క్షేత్రంలో పుట్టిన దక్కన్. 1967లో అంబర్, విజయ్, కిసాన్, జవహర్, విక్రమ్, సోనా అనే ఆరు కాంపోజిట్లు వచ్చాయి. కాంపోజిట్ విత్తనాన్ని రైతు దాచుకుని మళ్లీ వేసుకోవచ్చు. హైబ్రిడ్‌ను దాచుకుంటే రెండో ఏడు చేను చెదిరిపోతుంది. ఒక మొక్క పొట్టి, ఒకటి పొడుగు, ఒకటి ముందు పూత, ఒకటి వెనక. అందుకని ఏటా విత్తన సంచీ కొనవలసిందే. దిగుబడి మాత్రం అబద్ధం చెప్పదు. హైబ్రిడ్ ఎకరాకు 25, 30 క్వింటాళ్లు ఇచ్చే చోట పెరటి మక్క దాంట్లో మూడో వంతు ఇచ్చినా గొప్పే. అప్పు తీర్చాల్సిన రైతు హైబ్రిడ్‌ను ఎంచుకుంటే తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కోళ్లఫారాలు, పిండి ఫ్యాక్టరీలు పసుపు గింజనే అడిగాయి, మార్కెట్ దానికే ధర కట్టింది. గోదావరి ఒడ్డు మండలాల్లో కంపెనీలకు విత్తనం పండించి ఇచ్చే 'బాండు మక్క' వచ్చింది. ఆడ సాళ్లు, మగ సాళ్లు విడివిడిగా వేసి, ఆడ సాళ్ల జల్లులు చేతులతో లాగేస్తారు. ఆ చేనులోని ప్రతి కంకికీ తండ్రి ఒక్కడే. అన్ని గింజలూ ఒక్క పోలికే.

ఒక్క పోలికలో ఉన్న ప్రమాదం అమెరికా 1970లో చూసింది. ఆడ సాళ్ల జల్లులు లాగే పని తప్పించుకోవడానికి ఒకే రకం తల్లి కణరసాన్ని దేశమంతటి విత్తనాల్లో వాడారు. నూటికి 80 పాళ్లకు పైగా మక్క ఆ ఒక్క తల్లి బిడ్డలే. ఆ కణరసానికి లొంగే ఆకుమాడు తెగులు ఒకటి గాలిలో వచ్చింది. ఒక్క కారులో దేశం పంటలో సుమారు 15 శాతం పోయింది. మన దగ్గర 2018లో కత్తెర పురుగు దిగినప్పుడు అమెరికా ఖండపు పాత శత్రువు తన పాత మక్కను వెతుక్కుంటూ వచ్చింది. మందు డబ్బాలు పట్టుకుని సుడి సుడికీ పోయాల్సి వచ్చిన రైతుకు ఆ శత్రుత్వం ఎంత పాతదో చెప్పేవారెవరూ లేరు.

పాత రకాలు ఏం దాచుకున్నాయో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. మన చేనులో మొక్కజొన్ననూ జొన్ననూ ఒకేలా పీడించే కాండం తొలుచు పురుగు ఉంది కదా, కైలో పార్టెల్లస్. దాని తల్లి రెక్కలపురుగు ఆకు మీద గుడ్లు పెట్టగానే కొన్ని అమెరికా ఖండపు దేశవాళీ మక్కలు ఒక వాసన విడుస్తాయి. ఆ వాసన పట్టుకుని బుల్లి కందిరీగలు వచ్చి ఆ గుడ్లలోనే తమ గుడ్లు పెడతాయి. పిల్ల పురుగు పుట్టకముందే మొక్క కాపలాను పిలిపించుకుంది. తూర్పు ఆఫ్రికాలో అమాన్యుయేల్ తమిరు బృందం 2011లో దీన్ని ప్రకటించింది. వాళ్లు పరీక్షించిన హైబ్రిడ్లు ఆ పిలుపు పిలవలేదు. దిగుబడి కోసం ఏరుకుంటూ పోయినప్పుడు ఎవరూ వినని ఆ గొంతు ఎక్కడో జారిపోయింది. మెక్సికో ఒహాకా కొండల్లో 16 అడుగులకు పైగా పెరిగే ఒక పాత మక్క నేలకు పైనున్న వేళ్ల నుంచి చిక్కని జిగురు కారుస్తుంది. ఆ జిగురులో బతికే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తాయి. మొక్కకు కావలసిన నత్రజనిలో 29 నుంచి 82 శాతం దాకా అలా గాలి నుంచే వస్తోందని 2018లో లెక్కగట్టారు. యూరియా బస్తా కోసం వరుసలో నిలబడే మన రైతుకు ఈ సంగతి తెలియాలి. ఆ కొండవాళ్లు ఆ రకాన్ని మార్కెట్ కోసం దాచలేదు, అమ్మమ్మ ఇచ్చిందని దాచారు.

మన పెరటి మక్కలో ఏ పిలుపు ఉండేదో, ఏ జిగురు ఉండేదో వెతికే పని ఇకనైనా మొదలవ్వాలి. రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల జన్యువనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఢిల్లీలోని జాతీయ జన్యునిధిలో విత్తనాలు సున్నాకు 18 డిగ్రీల కింద నిద్రపోతున్నాయి. ఆ నిద్ర అవసరమే. కానీ డబ్బాలోని గింజ తన కాలంలోనే ఆగిపోతుంది. కత్తెర పురుగును అది ఎరగదు, మన కొత్త ఎండల్ని ఎరగదు. చేనులో ఉన్న గింజ ఏటా కొంచెం నేర్చుకుంటుంది. జనగామ జిల్లా ఏనబావిలో ఊరంతా కలిసి 2006లో రసాయనాలు వదిలేసింది. అలాంటి పల్లె ఒకటి అక్కడ నిలబడగలిగినప్పుడు పది పెరళ్లలో పాత మక్కను నిలుపుకోవడం అసాధ్యమేమీ కాదు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కూడా రైతు తన విత్తనాన్ని దాచుకునే, విత్తుకునే, పంచుకునే హక్కును గుర్తించింది.

అందుకే ఒక మాట. మీ ఊళ్లో, మీ తండాలో, మీ గూడెంలో ఎవరి దూలానికైనా పాత తెల్ల మక్కకంకి ఇంకా వేలాడుతుంటే దాన్ని గారెలకు వాడేయకండి. చుట్టుపక్కల హైబ్రిడ్ మక్క పూతకు రాని కాలం చూసి, మూడు నాలుగు వారాలు ముందుగానో వెనకగానో విత్తండి, లేదంటే కనీసం 200 మీటర్ల దూరంలో వేయండి. లేకపోతే ఒక్క గాలివాటుకే పాత రకం కలిసిపోతుంది. నాలుగు మొక్కలతో సరిపెట్టకండి, తక్కువలో తక్కువ 100 మొక్కల కంకుల నుంచి విత్తనం తీయండి. కొన్నింటి నుంచే తీస్తే రెండు మూడు తరాల్లో చేను నీరసించిపోతుంది. కంకి నడిమి గింజలే విత్తనానికి ఉంచుకోండి, పొయ్యి పైన పొగలో ఆరబెట్టండి. తీసిన దాంట్లో సగం మీరు దాచుకుని, మిగతా సగం వేరే ఊళ్లోని ఇద్దరికి ఇవ్వండి. ఒక దోసెడు రాజేంద్రనగర్ కేంద్రానికి కూడా పంపండి. ఆ రకాన్ని ఏమని పిలిచేవారో, ఎన్ని రోజులకు కోతకొచ్చేదో, దేనికి రుచో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఒక కాగితం మీద రాసి విత్తనంతో పాటు పెట్టండి. వచ్చే మృగశిర లోపల ఈ పని చేయండి.